అందరూ ఏసినట్టే

మొన్న రాయగడలో మా ఆడపడుచు వాళ్లు కొత్త ఇంట్లో వ్రతం చేసుకున్నారు. భోజనాల వేళ పంక్తిలో ఒక పెద్దాయన, ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, పంచాయతీ ఎన్నికల గురించి మాట్లాడుతున్నారు.

"రిజర్వేషన్లు పెట్టీసి ఏటి సాధించేరు? సిల్లంగులు, సేతబడులు నమ్మే ఆడాళ్లని తెచ్చి కుర్చీలో కూకోబెట్టేరు. ఆళ్ల బయాలే ఆళ్లకి సాలవు. ఆళ్లింక ఊరినేటి ఏల్తారు?"

నలుగురూ నవ్వారు. పప్పు గిన్నె నా చేతిలో ఉంది. పెద్దల మాటకు అడ్డం వెళ్లడం నాకు చేతకాదు. ఆయన విస్తట్లో మరో గరిటె వేసి ముందుకు జరిగాను. వంటింట్లోకి వచ్చాక మాత్రం గిన్నె దింపి, కాసేపు గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఆయన చెప్పినటువంటి మనిషే ఒకామె నాకు తెలుసు. నేను నా దేవుణ్ణి ఎంత గట్టిగా నమ్ముతానో ఆమె చిల్లంగిని అంత గట్టిగా నమ్మేది. ఆమెను ఎరిగి ఉండడం స్వామి నాకు చేసిన మేళ్లలో ఒకటి.

పేరు రాయను. పొట్టంగి పైన కొండల్లో వాళ్లది చిన్న ఊరు, పరజ గిరిజనుల ఊరు. అక్కను పిలిచినట్టు నేను ఆమెను అప్ప అనేదాన్ని. ఆమె నన్ను అమ్మీ అనేది. సాలూరు సంతలకు దిగి పసుపూ చింతపండూ అమ్మీ అమ్మీ మా తెలుగు ఆమెకు బాగా పట్టుబడింది.

మా ఇల్లు పొట్టంగిలో బ్లాకాఫీసుకు ఎదురుగా ఉంటుంది. మామగారి తాతలు సంస్థానం కొలువులో పని చెయ్యడానికి విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల పంచాయతీ సర్పంచు కుర్చీ గిరిజన స్త్రీకి కేటాయించిన ఏడు, నామినేషన్ల రోజున, మా వీధి గేటు ముందు ఇద్దరు మగవాళ్లు ఒక ఆడమనిషిని జుట్టు పట్టి ఈడుస్తుండడం చూశాను. రోడ్డు పనుల కాంట్రాక్టరు ఒకడు తన పొలంలో కూలికి వచ్చే ఇంకొకామెను ఎన్నికలో నిలబెట్టుకున్నాడు. ఇంకెవరూ ఆఫీసు గుమ్మం తొక్కకుండా కాపలా పెట్టాడు. అప్ప చెవికి వరసగా ఉన్న పోగుల్లో ఒకటి ఈడుస్తున్నవాడి వేళ్లకు తగులుకుని తమ్మె చీలిపోయింది. ఆమె అరవలేదు. వంగి వాడి ముంజేతిని కరిచింది. వాడు అరిచాడు.

నేను గేటు తీశాను. ఎందుకు తీశానో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, స్వామికే తెలియాలి. ఆమె లోపలికి దూరింది, నేను గడియ పెట్టాను. పసుపు అద్దబోతే చెయ్యి తోసేసింది.

"మందులు తరవాత. ఎనకదారి ఉందేటి మీ ఇంటికి?"

ఉంది. మా పెరటి తలుపు తీస్తే ఆఫీసు వెనక సందే. మెడ మీదుగా నెత్తురు కారుతుండగా అట్నుంచి వెళ్లి ఆమె నామినేషన్ వేసి వచ్చింది. వచ్చాక మా అరుగు మీద కూర్చుని, అప్పుడు చెవి చూపించింది.

"ఇప్పుడు రాయి పసుపు. మండితే తిడతాను, ఏటనుకోకు."

మండింది. తిట్టింది. గెలిచింది కూడా.

అది మొదలు మీటింగు ఉన్న రోజున ముందు మా ఇంటికి వచ్చేది. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, కొంగు సర్దుకుని, అడ్డపొగ పీల్చేది. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని, పెదాలు మూసి, ముక్కుతో పొగ వదులుతూ నాతో మాట్లాడేది. మా నాయనమ్మ కూడా అలాగే పీల్చేది కనుక నాకు అది వింతగా ఉండేది కాదు. నడుముకు ఒక చిన్న కత్తి ఉండేది. ఆఫీసు గుమ్మంలో దాన్ని తీసెయ్యమంటారు. అందుకని నాకు ఇచ్చేది.

"మీ దేవుడి కాడ ఎట్టు. ఆయన సూసుకుంతాడు."

అప్పన్న స్వామి పటం పక్కన ఆ కత్తి పెట్టడానికి మొదట్లో వెనకాడాను. తరవాత మీటింగు రోజున దానికి కూడా బొట్టు పెట్టేదాన్ని.

ఆమెది చెయ్యి ముందు, మాట తరవాత. మొదటి పంచాయతీ సమావేశంలో ఆమె కూర్చోబోతుంటే ఉపసర్పంచు కాలితో కుర్చీ వెనక్కి లాగాడు. ఆమె వెల్లకిలా పడింది. మెంబర్లంతా నవ్వారు. లేచి, అదే కుర్చీ ఎత్తి, దాని కాలు విరిగేదాకా అతని వీపున బాదింది. తరవాత నేల మీద చాప పరుచుకుని కూర్చుని, "ఇప్పుడు సెప్పండి, ఏటి పని?" అందట. ఇది నాకు చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. తుంటి నొప్పికి నవ్వు మధ్యలో ఆగి ములిగింది.

"కొట్టడం తప్పు కాదా అప్పా?" అన్నాను.

"తప్పే. ఆడు లాగడం ఒప్పేటి? ఆడి తప్పూ అయిపోనాది, నా తప్పూ అయిపోనాది. ఇప్పుడు ఇద్దరం ఒకే సాప మీద కూకుంతన్నాం. ఆడే తమలపాకులు తెత్తన్నాడు."

నేను బడికి వెళ్లలేదని, ఇంట్లోనే తాతగారు చదువు చెప్పారని తెలిసినప్పుడు ఆమె సంతోషపడింది. "ఐతే నివ్వూ నాలాగే. కాయితం మటుకు నీకు ఎక్కువొచ్చు" అంది. ఎవరైనా మెచ్చుకుంటే నేను సిగ్గుపడతాను. ఆమె నా పక్కన కూర్చుని అలా అంటే మాత్రం సిగ్గు వేసేది కాదు.

ఆమె పనిచేసే తీరులో ఒక పట్టుదల ఉండేది. ఒకనాడు వాళ్ల ఊరి యువకుడొకడు మా అరుగు దాకా వచ్చి గొడవ పడ్డాడు. కాంట్రాక్టరు మనుషులున్న పేటకు నీళ్ల గొట్టం ముందు వేయిస్తున్నావేమని.

"ఆళ్లు నీకు ఓటేసేరా? ఆళ్లకెందుకు ముందు?"

"ఆళ్లు ఏసేరో నేదో నీకెలగ తెల్సురా?"

"అందరికీ తెల్సు."

"నాకు తెల్దు. గదిలోకెల్లి, గుడ్డ సాటున ఏసేరు. ఎవులేసేరో ఎవులికీ తెల్కుండా ఎట్టేరు గవుర్మెంటోళ్లు. తెల్నప్పుడు అందరూ ఏసినట్టే. ఎల్లు, బుర్ర తినకు."

వాడు వెళ్లలేదు. ఇంకేదో అన్నాడు. చెంప పగిలింది. నేను లోపల్నుంచి మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చాను.

ఆమె నవ్వుల వెనక ఒక పోయిన పిల్లవాడు ఉండేవాడు. భర్త ముందే పోయాడు, ఉన్న ఒక్క కొడుకూ జ్వరంతో పోయాడు. ఒకసారి అడ్డపొగ తీసి పక్కన పెట్టి చెప్పింది. ఊరి చివర పాకలో ఒంటరిగా ఉండే ముసలామె చిల్లంగి పెట్టి వాణ్ణి తినేసిందట. వాడు ఆమె చెట్టు పనసకాయ కోశాడట.

"జ్వరమేమో అప్పా" అన్నాను మెల్లిగా.

నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "నీకు తెల్దమ్మీ" అంది. అంతే.

ఆ మరుసటి వానల్లో వాళ్ల ఊళ్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వాగు పొంగి ఆస్పత్రి జీపు పైకి ఎక్కలేదు. ఒకరి తరవాత ఒకరు పిల్లలు పోయారు. ఆమె తమ్ముడి కూతురు కూడా పోయింది. ఊరికి మంచీ చెడ్డా చూసి చెప్పే దిసారి బియ్యపు గింజలు వేసి చూసి, ముసలామె పేరు చెప్పాడు. పట్టపగలు, పిల్లను మట్టి చేసి వచ్చిన మగవాళ్లు స్నానమైనా చెయ్యకుండా గొడ్డళ్లు పట్టుకుని ఊరి చివరికి నడిచారు. అందరికన్నా ముందు ఆమె తమ్ముడు.

ఇదంతా నాకు ఆస్పత్రిలో తెలిసింది. ఆమె ఎడమచెయ్యి మోచేతి దగ్గర విరిగి ఉంది. తలకు కుట్లు వెయ్యడానికి సగం జుట్టు గొరిగేశారు. ముఖం ఒక పక్క గుమ్మడికాయలా ఉబ్బిపోయింది. జావ తాగిస్తుంటే పక్కటెముకలు నొప్పెట్టి గుటకకు గుటకకు కళ్లు మూసుకునేది. ఉబ్బిన మూతితోనే చెప్పింది.

"నాను పరిగెట్టుకెల్లి దాని గుమ్మంకి అడ్డం నిలబడ్డాను. అది లోపల మూలకి ముడుసుకుపోనాది. నాను ఆళ్లకేసి తిరిగేను. అప్పుడు మా తమ్ముడు ఏటన్నాడో తెల్సా? గొడ్డలెత్తే ఉంది సేతిలో. 'అప్పా, దానికి ఈపు సూపించకే! దానికి ఈపు సూపించకే!' అని ఏడుత్తన్నాడు."

వాళ్లలో ఆ భయం ఉంది. చిల్లంగి ఉన్నదనుకున్న మనిషికి ఎవరూ వీపు చూపరు. దారిలో ఎదురైతే ఆగిపోయి, ఆమె దాటేదాకా ముఖం అటే పెట్టి నిలబడతారు. మెడ వెనక నుంచి ప్రాణం లాగేస్తుందని వాళ్ల నమ్మకం.

"ముందరున్న గొడ్డల్లకి బయపడ్నేదమ్మీ. అయి మనోల్లయే గదా. ఎనకున్నదానికి బయపడ్డాను. మెడ కాడ సీమలు పాకినట్టయిపోనాది. కోకలో ఉచ్చపడిపోనాది. ఐనా తిరగనేదు."

"వాళ్లతో ఏమన్నావప్పా?"

"ఏటంతాను? ఇది సిల్లంగిదే, నాకూ తెల్సు అన్నాను. నా గుంటణ్ణి తినీసింది, మీకన్నా ముందు నాకే తెల్సు అన్నాను. సంపితే నానే సంపీసీదాన్ని గదా అన్నాను. సంపడం నేదు. దీని పేరు మన పంచాయితీలో ఉంది. నాకు ఓటేసిందో నేదో తెల్దు, తెల్నప్పుడు ఏసినట్టే. నన్ను దాటి ఎల్లండి అన్నాను. ఎల్లడానికే సూసేరు."

మొదటి కర్ర ఎవరిదో ఆమెకు తెలియదు. చెయ్యి విరిగింది తమ్ముడి గొడ్డలి దెబ్బకు. వాడు తిరగేసి, మొద్దు పక్కతో కొట్టాడు. "అంచుతో కొట్టనేదు, సూసేవా" అంది, వాణ్ణి మెచ్చుకుంటున్నట్టు. ఆమె పడిపోయింది. పడి కూడా గుమ్మానికి అడ్డంగానే పడింది. ఆమెను తొక్కుకుని లోపలికి వెళ్లడానికి వాళ్లలో ఎవరికీ కాలు రాలేదు. అప్పటికి ఆడవాళ్లు వచ్చి మీద పడి గొడ్డళ్లు లాక్కున్నారు.

మర్నాడు పోలీసు అధికారి వచ్చాడు. కూడా ఒక పత్రికాయన.

"మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా మీరు ప్రాణాలకు తెగించారు" అన్నాడు పత్రికాయన హిందీలో. "చేతబడి లాంటిది లేదని మీ నోటితో ఒక మాట చెప్పండి, ఫోటోతో వేస్తాం."

నేను తెలుగులో చెప్పాను. ఆమె ఉబ్బిన కన్ను తెరవడానికి ప్రయత్నించింది.

"నేదని ఎవులు సెప్పేరు? ఉంది. అది సిల్లంగిదే."

ఆయన పుస్తకం మూసేశాడు. ఫోటో కూడా తీసుకోలేదు. వెళ్లిపోయాక ఆమె గోడవైపు చూస్తూ అంది:

"ఈళ్లంతా మా ఊరొచ్చి నేదు నేదు అని సెప్పీసి పోతారు. నేదన్నోడి మాట మావోళ్లేల ఇంతారు? నాను ఉందన్నాను. ఉన్నా సంపకూడదన్నాను. అందుకే కూసింత సేపు ఆగేరు."

రాయగడ పంక్తిలో నవ్విన వాళ్లకు నేను చెప్పలేకపోయింది ఇదే. చదువుకున్న వాళ్లు ఎవరు వెళ్లినా ఆ గుమ్మంలో ఆ కూసింత సేపు దొరికేది కాదు. వాళ్ల భయం తన ఒంట్లో కూడా ఉన్న మనిషి నిలబడింది కనుక దొరికింది.

అధికారి అడిగాడు, ఎవరు కొట్టారని. ఊరివాళ్లంతా తెలియదన్నారట. ఆమె తమ్ముడి పేరు చెప్పింది. రాసుకుంటున్నప్పుడు తండ్రి పేరు కూడా తనే చెప్పింది, తన తండ్రి పేరే కదా. తరవాత నా చెయ్యి పట్టుకుంది.

"ఆ ముసిల్దాన్ని కొన్నాల్లు మీ పెరట్లో ఉంచు. నా కంటికి మాత్రం సూపించకు."

ఉంచాను. మా పెరటి గదిలో ఒక మూల కూర్చుని ఉండేది. పెట్టింది తినేది, కంచం కడిగి తలుపు పక్కన పెట్టేది. నేను రోజూ దీపం పెట్టాక ఆమెకు అన్నం పెట్టేదాన్ని. ఊరు చల్లబడ్డాక పోలీసులు తీసుకెళ్లి పాకలో దింపారు.

తమ్ముడు జైలుకు వెళ్లాడు. మరదలు ఊట దగ్గర అందరూ చూస్తుండగా ఆమె ముఖాన ఉమ్మింది. "సిల్లంగిదాని కోసం తోడబుట్టినోణ్ణి అమ్మీసేవు" అంది. ఈమె ముఖం కడుక్కుని బిందె ఎత్తుకుంది. ఆ సాయంత్రమే తమ్ముడి పిల్లలకు బియ్యం మోసుకెళ్లి గుమ్మంలో దింపి వచ్చింది. ఊరంతా కూడే పల్లిసభ జరిగితే, ముసలామె వచ్చి దూరంగా కూర్చునేదాకా మొదలుపెట్టేది కాదు. వచ్చిందో లేదో తను చూసేది కాదు. పక్కవాళ్లను అడిగేది.

తరవాతి ఏడాదికి ఆమెకు దగ్గు పట్టుకుంది. మనిషి పుల్లలా అయిపోయింది. కోరాపుట్ ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు, ఆలస్యమైందన్నారు. ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని ఆమె బస్సులో కూర్చుంది.

"ఆ పొద్దు ఈపు సూపించేను గదమ్మీ. అప్పుడే పట్టీసింది. నాకు తెల్సింది కూడాను."

"డాక్టరు చెప్పాడు కదప్పా, జబ్బని."

"ఆయన పని ఆయన సేసేడు." కవరు గట్టిగా పట్టుకుంది. "నాను పోతే మా తమ్ముడు దాన్ని ముక్కలు సేసీత్తాడు. జైలు నుంచొచ్చిన కాణ్ణించీ రాయి మీద గొడ్డలి నూరుతున్నాడు. నన్ను మీదికి తీసుకెల్లు. సభ ఎట్టాల."

జీపు వెళ్లినంత దూరం వెళ్లాం. అక్కడి నుంచి నా భుజం మీద చెయ్యి వేసి నడిచింది. నడిచిన దానికన్నా ఆగింది ఎక్కువ. ఊరంతా వచ్చింది. తమ్ముడు గొడ్డలి ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చున్నాడు. వాళ్ల మాట నాకు అర్థమవుతుంది. మా మాటలోకి తెచ్చి రాస్తున్నాను.

ఆమె ఎక్స్‌రే తీసి ఎండకేసి పట్టుకుంది.

"సూడండి. ఇది నా గుండెకాయ కాడ. ఈ తెల్లది జబ్బు. పెద్దాస్పత్రోళ్లు యంత్రం ఎట్టి తీసేరు. సిల్లంగి ఐతే ఇందులో అగుపడదు. ఇది జబ్బు, నాను జబ్బుతో సచ్చిపోతన్నాను."

తమ్ముడు లేచాడు. గొడ్డలి వాడి చేతిలో ఉంది. ముసలామె దూరంగా, రాళ్ల కట్ట పక్కన, చిన్న మూటలా కూర్చుని ఉంది.

"అప్పా, నిజిం సెప్పు. అది నిన్ను ముట్టుకోనేదా?"

"ముట్టుకోనేదు."

"మట్టి ఎత్తు ఐతే."

వాళ్లకు భూమి మీద ఒట్టు అన్నిటికన్నా పెద్దది. మట్టి నెత్తిన పెట్టుకుని అబద్ధం చెబితే ఆ మట్టి వంశాన్ని తింటుందంటారు, పోయాక కూడా పెద్దల్లో చోటు ఉండదంటారు. అప్ప నా భుజం వదిలేసింది. వంగింది. వంగితే దగ్గు వచ్చి, నోటి నుంచి నెత్తురు నేల మీద పడింది. ఆ తడిసిన మట్టే గుప్పెట్లోకి తీసి, గొరిగిన చోట మళ్లీ పెరిగిన పొట్టి జుట్టు మీద పెట్టుకుంది.

"ఆ ముసిల్ది నన్ను ముట్టుకోనేదు. నన్ను తిన్నది జబ్బు. భూమితల్లి ఇంటంది."

తమ్ముడు ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత గొడ్డలి కిందపెట్టి, పిల్లవాడిలా ఏడ్చాడు.

జీపులో ఆమె తల నా ఒళ్లో ఉంది. జుట్టులోంచి మట్టి నా చీర మీద రాలుతోంది. నేను దులపబోతే చెయ్యి పట్టుకుంది.

"అబద్దం ఒట్టేసేనమ్మీ."

నా కొంగుతో ఆమె మూతి తుడిచాను.

"మీ దేవుడికి సెప్పు. ఈ మట్టి నా ఒక్కదానికే తగలాల. మా తమ్ముడి పిల్లలకి తగలకూడదు. ఊరికి తగలకూడదు. గట్టిగా సెప్పు, నివ్వు రోజూ దీపం ఎడతావు గదా, నీ మాట ఇంతాడు."

చెప్పాను. ఇప్పటికీ చెబుతాను. ఆమెకు కూడా తగలకూడదని చెబుతాను. ఆ ఒక్క మాట ఆమె అడగనిది, నేను కలుపుకున్నది.

ముసలామె కూడా నిరుడు పోయింది, తన పాకలో, తన చాప మీద, వయసు మీదపడి. అందుకే ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను. ఆమె బతికుండగా ఈ అబద్ధం సంగతి నా నోట రాకూడదని పెదవి బిగపట్టుకుని ఉన్నాను.

అప్ప పోయింది సభ జరిగిన కొద్ది రోజులకే. నేను వెళ్లేసరికి ఊరి బయట చితి పేరుస్తున్నారు. మబ్బు కమ్మి ఉంది. మగవాళ్లు గొడ్డళ్లతో కట్టెలు చీలుస్తున్నారు. ఆ చప్పుడు వింటుంటే నా ప్రాణం నా దగ్గర లేదు. అప్పుడే దారి చివర ముసలామె కనిపించింది. దగ్గరికి రాలేదు. చేతిలో రెండు ఎండు కట్టెలు పట్టుకుని నిలబడింది.

అందరి చేతులూ ఆగిపోయాయి. తమ్ముడు గొడ్డలి పట్టుకునే ఆమె దగ్గరికి నడిచాడు. నేను స్వామిని తలుచుకున్నాను. వాడు ఆమె ఎదుట నిలబడ్డాడు. ఆమె కట్టెలు చాపింది. వాడు తీసుకున్నాడు.

"ఇంటికెల్లు" అన్నాడు. "వాన ఒచ్చీలాగుంది."